యూజ్ అండ్ త్రో కెమెరా: ఫొటో తీయడం తేలికే, కడిగించడమే కష్టం

పెళ్లి రిసెప్షన్‌లో బల్లకొక చిన్న ప్లాస్టిక్ కెమెరా పెట్టడం నగరాల్లో ఇప్పుడు కొత్త ముచ్చట. వచ్చిన బంధువులు, స్నేహితులు తలా రెండు ఫొటోలు తీస్తారు. వెనక తెర ఉండదు. తీసింది చూసుకోవడం కుదరదు, బాగా రాలేదని చెరిపేయడమూ కుదరదు. అదే దాని సరదా. గోవాకో కూర్గుకో వెళ్లే కాలేజీ పిల్లల సంచుల్లోనూ ఇవి కనిపిస్తున్నాయి. పెళ్లయిన పది రోజులకు ఆ కెమెరాలన్నీ ఓ కవర్లో వేసుకుని ఊళ్లోని స్టూడియోకి వెళ్తే, కౌంటర్ దగ్గరి కుర్రాడు ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "మెమరీ కార్డు ఎక్కడుందండీ?" అని అడుగుతాడు. ఇబ్బందులు అక్కడ మొదలవుతాయి.

ఫొటోలను ‘కడిగించడం’ అన్న మాట తెలుగులో ఇంకా బతికే ఉంది. ఫోన్లోంచి ప్రింటు వేయించుకునేవాళ్లు కూడా అలవాటుకొద్దీ ఆ మాటే వాడతారు. ఫిల్ము విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. బటన్ నొక్కినప్పుడు ఫిల్ము మీద పడేది కంటికి కనపడని ముద్ర మాత్రమే. దాన్ని సరైన రసాయనంలో, సరైన వేడిలో, సరైనంత సేపు ఉంచితేనే ఫొటో అవుతుంది. యూజ్ అండ్ త్రో కెమెరా తయారీ ఈ 40 ఏళ్లలో పెద్దగా మారలేదు. దాని వెనక ఉండే కడిగే వ్యవస్థే చాలావరకు మాయమైపోయింది. ఫొటోలు పోయాయని, ఖాళీగా వచ్చాయని, రెండు నెలలైనా రాలేదని వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇదే.

పెట్టె లోపల

ఈ కెమెరాను జనంలోకి తెచ్చింది జపాన్‌కు చెందిన ఫుజి. 1986లో ‘ఉత్సురున్ దేసు’ పేరుతో అక్కడ విడుదల చేసింది. ఫొటో పడుతుంది సుమా అన్నంత అమాయకమైన పేరు అది. బయటి దేశాల్లో క్విక్‌స్నాప్ అన్నారు. మరుసటి ఏడాది కోడాక్ ‘ఫ్లింగ్’ తెచ్చింది. పేరులోనే విసిరేయడం ఉంది. తర్వాత ఆ సంస్థ దాన్ని వదిలి ఫన్‌సేవర్ అనే పేరుకు మారింది. మొదటివి రెండూ 110 రకం చిన్న ఫిల్ముతో వచ్చాయి. ఆ తర్వాత మనందరికీ తెలిసిన 35 ఎంఎం ఫిల్ము వచ్చింది. ఇప్పుడు మన దగ్గర దొరికేవాటిలో ఫన్‌సేవర్‌లో ఐఎస్‌ఓ 800, క్విక్‌స్నాప్‌లో ఐఎస్‌ఓ 400 ఫిల్ము ఉంటుంది. సాధారణంగా 27 ఫొటోలు.

లోపల ఉన్నది ఒక ప్లాస్టిక్ లెన్సు, ఒకే వేగంతో తెరుచుకునే షట్టరు, ఒక ఫ్లాష్, ఒక పెన్సిల్ సెల్. ఫోకస్ మార్చడం, వెలుగుకు తగ్గట్టు సర్దుకోవడం లాంటివేమీ లేవు. లెన్సు రంధ్రం చాలా చిన్నది కాబట్టి ఎండలో అన్నీ బాగానే వస్తాయి. గదిలో, సాయంత్రం వేళ, ఫంక్షన్ హాల్లో ఫ్లాష్ తప్పనిసరి. ఆ ఫ్లాష్ కూడా సుమారు 3 మీటర్ల దాకానే పనిచేస్తుంది. వేదిక మీది వధూవరులను పదో వరుసలోంచి తీస్తే ముందు కూర్చున్నవాళ్ల తలలు వెలుగుతాయి, వేదిక చీకట్లో కలిసిపోతుంది. దీన్ని తర్వాత ఏ ల్యాబ్ కూడా బాగుచేయలేదు. ఫ్లాష్ మీట నొక్కి, చిన్న దీపం వెలిగే దాకా ఆగాలన్న సంగతి పెళ్లిలో ఎవరికి గుర్తుంటుంది?

ఇందులో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. మామూలు కెమెరాలో ఫిల్ము డబ్బాలోంచి బయటికి వస్తూ ఒక్కో ఫొటో పడుతుంది. అన్నీ అయ్యాక తిరిగి డబ్బాలోకి చుట్టాలి. యూజ్ అండ్ త్రో కెమెరాలో దీనికి తలకిందులు. ఫ్యాక్టరీలోనే ఫిల్మునంతా డబ్బా బయటికి చుట్టి ఉంచుతారు. ఫొటో తీసి చక్రం తిప్పినప్పుడల్లా ఆ ఒక్క ముక్క డబ్బాలోకి వెళ్లి భద్రంగా కూర్చుంటుంది. అందుకే కెమెరా కిందపడి పగిలినా అప్పటిదాకా తీసిన ఫొటోలు చాలావరకు దక్కుతాయి. తీయనివే వెలుగు తగిలి పాడవుతాయి. చివరి ఫొటో తర్వాత చక్రం వదులై ఊరికే తిరిగే దాకా తిప్పి ఇవ్వడం మంచిది. తిప్పకుండా ఇచ్చినవాటిని పగటి వెలుగులో తెరిస్తే చివరి ఒకటి రెండు ఫొటోలు పోవచ్చు. జాగ్రత్త ఉన్న ల్యాబ్ ఎందుకైనా మంచిదని నల్లటి సంచిలో చేతులు పెట్టి తెరుస్తుంది.

డబ్బా మనమే తీసి ఇస్తే పోలేదా అనుకునేవాళ్లు ఉంటారు. ఫ్లాష్ ఉన్న కెమెరా అయితే ఆ పని వద్దు. 1.5 వోల్టుల సెల్ నుంచి సుమారు 300 వోల్టుల దాకా పెంచి నిల్వచేసే కెపాసిటర్ లోపల ఉంటుంది. ఫ్లాష్ వాడి చాలాసేపయినా, సెల్ తీసేసినా అందులో కరెంటు మిగిలే ఉంటుంది. స్క్రూడ్రైవర్ తగిలితే గట్టి షాక్ కొడుతుంది.

కడగడం అంటే ఏమిటి

రంగుల నెగెటివ్ ఫిల్మును కడిగే పద్ధతి పేరు సీ-41. కోడాక్ 1972లో తెచ్చింది. తర్వాత ఫుజి, కోనికా, ఆగ్ఫా అన్నీ దానికి సరిపడే ఫిల్మునే చేశాయి. ఏ కంపెనీ రీలైనా ఏ ఊళ్లోనైనా ఒకే యంత్రంలో కడగగలిగారంటే కారణం అదే.

ఫిల్ము మీద మూడు రంగులకు మూడు పొరలు, వాటిలో వెండి లవణాలు ఉంటాయి. వెలుగు తగిలిన చోట డెవలపర్ ఆ లవణాన్ని వెండిగా మారుస్తుంది. ఆ చర్యలో పుట్టిన పదార్థం పొరలోని మరో రసాయనంతో కలిసి రంగు అవుతుంది. తర్వాత బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండినంతా తీసేస్తాయి. మిగిలేది రంగే. డెవలపర్ దశ మూడుంపావు నిమిషాలు. వేడి 37.8 డిగ్రీలు, అందులో తేడా ఒక డిగ్రీలో ఆరో వంతు కూడా దాటకూడదన్నది ప్రమాణం. అంత కచ్చితంగా పట్టుకోవడం యంత్రానికి కష్టం కాదు. యంత్రానికి అసలు కష్టం పని లేకపోవడం.

మినీల్యాబ్ యంత్రాన్ని రోజూ పదుల రీళ్లు కడగడానికి తయారుచేశారు. రీలు వెళ్లినప్పుడల్లా కొంచెం కొత్త రసాయనం తనంతట తాను ట్యాంకులోకి చేరుతుంది. రోజూ రీళ్లు వస్తుంటే లోపలి ద్రవం ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది. వారానికి నాలుగు రీళ్లే వస్తే అదే డెవలపర్ ట్యాంకులో గాలి తగిలి బలం కోల్పోతుంది, నీరు ఆవిరై పాళ్లు మారిపోతాయి. అలాంటి ట్యాంకులోంచి వచ్చిన నెగెటివ్ పలచగా, రంగులు తేలిపోయి ఉంటుంది. మధ్యలో కరెంటు పోయి రీలు డెవలపర్‌లోనే ఆగితే, ఉండాల్సినదానికంటే ఎక్కువ సేపు నాని అతిగా నల్లబడుతుంది. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూడటానికి, ముందే కొలిచిన వెలుగు చూపించిన ‘కంట్రోల్ స్ట్రిప్’ అనే ఫిల్ము ముక్కను రోజూ కడిగి కొలతలు తీసే పద్ధతి ఉంది. మంచి ల్యాబులు దాన్ని మానవు. కొత్త చోట రీలు ఇచ్చేముందు కంట్రోల్ స్ట్రిప్ వేస్తారా, వారానికి ఎన్ని రీళ్లు వస్తాయి అని అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట పెళ్లి రీలు ఇవ్వకపోవడమే మేలు.

కొందరు ల్యాబులవాళ్లు యంత్రం మూలన పెట్టి, చిన్న ట్యాంకుల్లో చేత్తోనే కడుగుతున్నారు. లీటరు రసాయనం కిట్టుతో పది పదిహేను రీళ్లు చేయవచ్చు. శ్రద్ధ ఉన్న మనిషి చేతిలో ఇది అరకొరగా నడిచే యంత్రం కంటే మంచి ఫలితమే ఇస్తుంది. కానీ ఒక కిట్టు కలిపితే అన్ని రీళ్లూ పోగయ్యే దాకా ఆగాలి. రేపు రండి, ఎల్లుండి రండి అంటూ మూడు వారాలు తిప్పడం వెనక చాలాసార్లు ఉన్న లెక్క ఇదే. బద్ధకం కాదు.

కలర్ ల్యాబులు ఎటు పోయాయి

రంగుల ఫిల్ము వచ్చిన కొత్తలో చిన్న పట్టణాల స్టూడియోలు రీళ్లను పెద్ద ఊళ్లకు పంపి కడిగించేవి. 1970ల చివర్లో జపాన్‌లో నోరిట్సు తయారుచేసిన మినీల్యాబ్ ఈ పనిని దుకాణంలో పట్టేంతగా కుదించింది. మన దగ్గర 1990లకల్లా జిల్లా కేంద్రాల్లోనూ కోనికా, కోడాక్, ఫుజి బోర్డులు వెలిగాయి. పొద్దున రీలిస్తే సాయంత్రానికి ప్రింట్లు, పైన ఓ చిన్న ఆల్బమ్ ఉచితం. పుష్కరాలకో తిరుపతికో వెళ్లొచ్చిన కుటుంబం 36 ఫొటోల రీల్లో మిగిలిన రెండిటిని అయిపోగొట్టడానికి ఇంటి గుమ్మం ముందు నిలబడి ఫొటో దిగేది. ఈ వ్యాసం చదువుతున్నవారిలో చాలామంది ఆల్బమ్‌ల చివర అలాంటి ఫొటో ఒకటి ఉంటుంది.

తర్వాత పదేళ్లలోనే అంతా తిరగబడింది. ఆగ్ఫాఫొటో 2005లో దివాలా తీసింది. ఫొటో వ్యాపారం మానేస్తున్నట్టు కోనికా మినోల్టా 2006 జనవరిలో ప్రకటించింది. 2012 జనవరిలో కోడాక్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. మన దేశానికి సొంతంగా ఒక ఫిల్ము కర్మాగారం ఉండేది. 1960లో కేంద్ర ప్రభుత్వం ఊటీలో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్. దాని ‘ఇందు’ నలుపు తెలుపు ఫిల్ము ఒకప్పుడు స్టూడియోల్లో మామూలు సరుకు. 1990లలో అది ఖాయిలా పడి, చివరికి మూతపడింది. ఇప్పుడు ఇక్కడ దొరికే రంగుల ఫిల్ము దిగుమతి సరుకే. కడిగే రసాయనాలూ ఎక్కువగా అంతే. ఓడ ఆలస్యమైనా, డాలరు పెరిగినా ఆ భారం ల్యాబు మీద, అక్కడి నుంచి మన మీద పడుతుంది.

ఫొటో స్టూడియోలు మాత్రం మూతపడలేదు. డిజిటల్ ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, పాస్‌పోర్టు ఫొటోలతో నడుస్తున్నాయి. బోర్డు మీద ‘కలర్ ల్యాబ్’ అని అలాగే ఉంటుంది. ప్రింటు వేసే యంత్రం ఉంటుంది, ఫిల్ము కడిగేది ఉండదు. ఈ బోర్డుల వల్లే జనం మోసపోయామనుకుంటారు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, ముంబయి, దిల్లీ లాంటి నగరాల్లో ఫిల్ము కడిగే ల్యాబులు కొన్నే మిగిలాయి. మిగతా ఊళ్లవాళ్లు కొరియర్ మీద ఆధారపడాలి.

స్టూడియోకి ఇచ్చాం కదా అని ఊరుకుంటే మరో చిక్కు ఉంది. అతను దాన్ని నగరంలోని ల్యాబుకు పంపుతాడు. వాళ్లు కొన్ని పోగయ్యాక కడుగుతారు. మీ దగ్గరున్న రసీదు స్టూడియోది, కెమెరా మీద మీ పేరు లేదు, ల్యాబులో ఒకేలా ఉన్న పసుపు పెట్టెలు ఇరవై. డబ్బా బయటికి తీశాక ఏది ఎవరిదో చెప్పడానికి ఏ గుర్తూ ఉండదు. కెమెరా మీదే టేపు అంటించి పేరు, ఫోన్ నంబరు రాయడం చిన్నతనంగా అనిపించవచ్చు. కానీ తప్పిపోయిన రీళ్లను తిరిగి రప్పించేది ఎక్కువగా అదే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఒకప్పుడు పెద్ద మందుల దుకాణాల చైన్లలో గంటలో ఫొటోలు కడిగి ఇచ్చేవారు. ఇప్పుడు అవే దుకాణాలు కెమెరా తీసుకుని బయటి ల్యాబుకు పంపుతాయి. వారాల తర్వాత ప్రింట్లు, స్కాన్‌లు వస్తాయి. నెగెటివ్‌లు చాలాచోట్ల తిరిగిరావు. ఆ షరతు చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. పాప మొదటి పుట్టినరోజు నెగెటివ్ చెత్తబుట్టలో పడిందని తెలిసేసరికి చేయగలిగింది ఏమీ ఉండదు.

నెగెటివ్ పోతే పోనీ, స్కాన్ ఉంది కదా అనేవాళ్లు ఆ స్కాన్ కొలత చూడాలి. మామూలు స్కాన్ కొన్నిచోట్ల 1,500×1,000 పిక్సెళ్ల దగ్గరే ఆగుతుంది. ఫోన్‌లో బాగుంటుంది, గోడకు పెట్టే సైజులో ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. పైగా అది ఓ లింకు రూపంలో వస్తుంది, కొన్ని రోజులకే ఆ లింకు పనిచేయదు. నెగెటివ్ చేతిలో ఉంటే పదేళ్ల తర్వాతైనా మళ్లీ స్కాన్ చేయించుకోవచ్చు.

బయటికి ఒకేలా, లోపల వేరే

పెట్టెలన్నీ ఒకేలా కనిపించినా లోపలి ఫిల్ము ఒకటే కాదు. ఇల్ఫర్డ్ నలుపు తెలుపు కెమెరాలు రెండు రకాలు. ఎక్స్‌పీ2 సూపర్ ఉన్నదాన్ని రంగుల రీలులాగే సీ-41లో కడగాలి. హెచ్‌పీ5 ప్లస్ ఉన్నదానికి నలుపు తెలుపు రసాయనమే వాడాలి. కోడాక్ ట్రై-ఎక్స్ కెమెరా కూడా అంతే. హెచ్‌పీ5నో ట్రై-ఎక్స్‌నో పొరపాటున సీ-41 యంత్రంలో వేస్తే, బ్లీచ్, ఫిక్సర్ వెండినంతా కడిగేస్తాయి. ఆ ఫిల్ముకు వెండే బొమ్మ కాబట్టి చివరికి ఖాళీ పట్టీ మిగులుతుంది. ఇది వెనక్కి తీసుకోలేని తప్పు. పెట్టె మీద ఏం రాసుందో చదివి, రసీదు మీద అదే రాయించుకోవాలి.

వాడేసిన డొల్లలో కొత్త ఫిల్ము నింపి అమ్మేవి ఇంకో రకం. దీని మీద అమెరికాలో పెద్ద న్యాయపోరాటమే జరిగింది. జాజ్ ఫొటో అనే సంస్థ వాడేసిన కెమెరా డొల్లలను బాగుచేసి మళ్లీ అమ్ముతోందని ఫుజి పేటెంట్ దావా వేసింది. డొల్ల తెరిచి కొత్త ఫిల్ము, సెల్ వేసి మూయడం మరమ్మతు కిందికే వస్తుందని, అయితే మొదట అమెరికాలో అమ్ముడైన డొల్లలకే ఆ వెసులుబాటు ఉంటుందని 2001లో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు చెప్పింది. పర్యావరణం కోణంలో చూస్తే మళ్లీ నింపడం మంచిదే. ల్యాబు కోణంలో చూస్తే పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉండే ప్రమాదం ఉంది.

ఇందులో అసలు తలనొప్పి సినిమా ఫిల్ము. సినిమాలకు వాడే పెద్ద రీళ్లను ముక్కలు చేసి చిన్న డబ్బాల్లోకి ఎక్కించి అమ్మడం ప్రపంచమంతటా ఉంది. అలాంటి ఫిల్ము చాలావాటి వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పూత ఉంటుంది. దాన్ని ముందే తీసేయకుండా సీ-41 యంత్రంలో వేస్తే ఆ మసి ట్యాంకుల్లో కలిసి, తర్వాత వచ్చే వాళ్లందరి రీళ్ల మీదా మరకలు వేస్తుంది. బ్రాండు తెలియని కెమెరా తెస్తే ల్యాబువాళ్లు మొహం చిట్లించేది ఇందుకే.

పాత అల్మారాలో దొరికినవైతే మరో లెక్క. 110 ఫిల్మునూ, 1996లో వచ్చి 2011లో ఆగిపోయిన ఏపీఎస్ ఫిల్మునూ రసాయనం పరంగా ఇప్పటికీ కడగవచ్చు. అయితే ఆ కొలతలకు సరిపడే పట్టాలు, స్కానర్ బిగింపులు చాలా ల్యాబుల్లో లేవు. ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపాలి.

కడిగే పద్ధతే చచ్చిపోతే ఏమవుతుందో కోడాక్రోమ్ చూపించింది. అది యూజ్ అండ్ త్రో కెమెరాల్లో వచ్చేది కాదు, స్లైడ్ ఫిల్ము. దాని పద్ధతి కే-14 పూర్తిగా వేరు, ఇంట్లో చేయగలిగేది కాదు. 2009లో కోడాక్ ఆ ఫిల్మును ఆపేసింది. చివరి రీల్లలో ఒకదాన్ని ఫొటోగ్రాఫర్ స్టీవ్ మెక్‌కరీ తీసుకుని ముంబయిలో సినిమావాళ్లను, రాజస్థాన్‌లో రబారీలను తీశారు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం పార్సన్స్‌లో ఉన్న డ్వేన్స్ ఫొటో అనే ల్యాబు తప్ప అప్పటికి ప్రపంచంలో దాన్ని కడిగేవారే లేరు. ఆ ల్యాబు 2010 డిసెంబరు 30 వరకే రీళ్లు తీసుకుంది. ఆ తేదీ దాటాక డ్రాయర్లలో మిగిలిన కోడాక్రోమ్ రీళ్లలోని రంగులను మామూలుగా బయటికి తెచ్చే దారి లేకుండా పోయింది. సీ-41కు ఇప్పట్లో ఆ గతి పట్టే సూచనలు లేవు. కానీ ‘తర్వాత కడిగిద్దాంలే’ అనే మాట ఎంత దూరం సాగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఎండ, ఎక్స్‌రే, కాలం

కనపడని ముద్ర శాశ్వతం కాదు. వేడికి, తేమకు, రోజులు గడిచేకొద్దీ అది బలహీనపడుతుంది. ఫిల్ము మీద పొగ పట్టినట్టు మసక కమ్ముతుంది. రంగుల ఫిల్ములో మూడు పొరలూ ఒకే వేగంతో పాడవవు కాబట్టి ఫొటో ఊదాకో ఆకుపచ్చకో తిరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన కెమెరా పరిస్థితి వేరే చెప్పాలా?

చల్లదనం ఎంత మేలు చేస్తుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. స్వీడన్‌కు చెందిన ఆండ్రే బృందం 1897లో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి మంచులో చనిపోయింది. వాళ్ల శిబిరం, ఫిల్ములు 1930లో దొరికాయి. 33 ఏళ్లు మంచులో ఉన్న ఆ 240 ఫొటోల్లో 93ను స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్‌జ్‌బెర్గ్ బయటికి తీయగలిగారు. అవి నలుపు తెలుపు ఫొటోలు, ఉన్నది మంచులో. మన అల్మారాలో ఇరవై ఏళ్లున్న రంగుల రీలు నుంచి అంత ఆశించకూడదు. అయినా పారేయకండి. పాత రీలును కొందరు ల్యాబులవాళ్లు నలుపు తెలుపు రసాయనంలో కడిగి, రంగులు పోయినా మనుషుల మొహాలైనా దక్కిస్తారు. చనిపోయిన నాన్న ఉన్న రీలైతే ఆ మాత్రం చాలు.

విమానాశ్రయాల సంగతి. చెక్‌ఇన్ సామానులో కడగని ఫిల్ము పెట్టకూడదు, అక్కడి స్కానర్లు చాలా బలమైనవి. చేతి సామానుకు వాడే పాత ఎక్స్‌రే యంత్రంలో ఒకటి రెండుసార్లు వెళ్లినా ఐఎస్‌ఓ 400 ఫిల్ముకు పెద్దగా ఏమీ కాదు. కానీ వాటి స్థానంలో సీటీ స్కానర్లు వస్తున్నాయి, మన పెద్ద విమానాశ్రయాల్లోనూ. సీటీలో ఒక్కసారి వెళ్లినా ఫిల్ము మీద మసక రావచ్చు. ఐఎస్‌ఓ 800కు ముప్పు ఇంకా ఎక్కువ. చేత్తో తనిఖీ చేయమని అడిగితే అమెరికాలో సాధారణంగా ఒప్పుకుంటారు. మన దగ్గర అక్కడున్న సీఐఎస్‌ఎఫ్ సిబ్బంది ఇష్టం. తొందర లేకుండా ముందే వెళ్లి, మర్యాదగా అడగడం తప్ప వేరే ఉపాయం లేదు. పెళ్లి కోసం ఇండియా వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు ఇక్కడే కడిగించుకుని నెగెటివ్‌లు తీసుకెళ్లడం అన్నిటికంటే క్షేమం. కడిగిన ఫిల్మును ఏ ఎక్స్‌రే ఏమీ చేయదు. విమానంలో వెళ్లే కొరియర్ పార్శిళ్లకూ స్క్రీనింగ్ ఉంటుంది కాబట్టి, రెండు రోజులు ఆలస్యమైనా రోడ్డు మార్గంలో పంపమని చెప్పడం మంచిది.

ఖాళీగా వస్తే తప్పు ఎవరిది

27 ఫొటోలకు తొమ్మిదే వచ్చాయి. మిగతావి పడలేదని ల్యాబు అంటుంది. మీరే పాడుచేశారని మనం అంటాం. ఈ తగవు తీర్చే సాక్షి నెగెటివే.

ఫిల్ము అంచుల వెంబడి కంపెనీ పేరు, ఫ్రేము నంబర్లు ఉంటాయి. అవి సిరాతో అచ్చువేసినవి కావు. ఫ్యాక్టరీలో వెలుగుతో ముద్రించినవి. అంటే అవి కూడా కడిగితేనే కనిపిస్తాయి. అంచు అక్షరాలు స్పష్టంగా ఉండి మధ్యలో బొమ్మ లేకపోతే కడగడం సరిగ్గానే జరిగింది, కెమెరాలో వెలుగు పడలేదు. ఫ్లాష్ వేయకపోవడమో, షట్టరు పనిచేయకపోవడమో జరిగి ఉంటుంది. అంచు అక్షరాలు కూడా లేకుండా ఫిల్ము మొత్తం తేటగా ఉంటే తప్పు ల్యాబుదే అయ్యే అవకాశం ఎక్కువ. డెవలపర్ పనిచేయలేదు, లేదా తప్పు రసాయనంలో పడింది. అక్షరాలు ఉండీ వెలవెలబోయి ఉంటే డెవలపర్ నీరసించింది, లేదంటే ఫిల్ము చాలా పాతది. మొత్తం నల్లగా ఉంటే ఎక్కడో వెలుగు చొరబడింది. కొన్ని ఫ్రేములు బాగుండి చివరివే నల్లబడితే, చక్రం పూర్తిగా తిప్పకుండా ఇచ్చినప్పుడు తెరిచి ఉంటారు.

అందుకే ఫొటోలు ఒక్కటి కూడా రాలేదన్నా నెగెటివ్ పట్టీ అడిగి తీసుకోవాలి. ఖాళీదే కదా ఎందుకని పారేశాం అని చెప్పే ల్యాబు, తెలిసో తెలియకో, ఉన్న ఒక్క ఆధారాన్నీ పారేసింది.

ల్యాబుల రసీదుల వెనక సాధారణంగా ఒక షరతు ఉంటుంది. రీలు పోయినా, పాడైనా కొత్త రీలు ధర వరకే బాధ్యత అని. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద డబ్బు తీసుకుని చేసే పనిలో నిర్లక్ష్యం సేవాలోపమే. వినియోగదారుడికి అన్యాయం చేసే ఏకపక్ష షరతులను ప్రశ్నించే వీలునూ ఆ చట్టం ఇచ్చింది. ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయాలంటే రెండేళ్లలోపు చేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపయితే ఫీజు లేదు. నిజం చెప్పాలంటే, ఒక రీలు కోసం కమిషన్ మెట్లెక్కే ఓపిక చాలామందికి ఉండదు, పోయిన పెళ్లి పరిహారంతో తిరిగి రాదు కూడా. అయినా ‘నెగెటివ్‌లు తిరిగి ఇవ్వాలి’ అని రసీదు మీద రాయించుకోవడానికి, ఇవ్వకపోతే గట్టిగా అడగడానికి చట్టం వెనక ఉందని తెలియడం పనికొస్తుంది.

కెమెరాలు ఎక్కువ ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి ఒకేచోట ఇవ్వకండి. ముందు ఒకటి ఇచ్చి, నెగెటివ్ చేతికొచ్చాక అంచు అక్షరాలు చూసుకుని మిగతావి ఇవ్వండి. ఈలోగా వాటిని గాలి చొరని కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచవచ్చు. బయటికి తీశాక రెండు మూడు గంటలు ఆగి కవరు విప్పాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. వచ్చిన నెగెటివ్‌లను చుట్టి రబ్బరు బ్యాండు వేయకూడదు. ఆరేసి ఫ్రేములుగా కత్తిరించిన పట్టీలను పారదర్శక కవర్లలో పెట్టి, వానాకాలం చెమ్మ తగలని చోట, కవరు మీద తేదీ, సందర్భం రాసి దాచాలి.